ఏ కత్తి మంచి కత్తి? తోలు ఒలిచే పనిముట్టు చరిత్ర

1902 వేసవిలో వైస్రాయి కర్జన్ నైజాం రాజ్యానికి వేటకు వచ్చాడు. వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర శిబిరం వేశారు. ఆ శిబిరంలో లాలా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఫోటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. కర్జన్ దంపతులు, వాళ్ళ పరివారం నిలబడి ఉంటారు, ముందు నేల మీద చచ్చిన పులి పడి ఉంటుంది. తుపాకీ ఎవరిదో చరిత్రకు తెలుసు. ఫోటో ఎవరు తీశారో తెలుసు. కాని వేసవి ఎండకు పులి కళేబరం కొన్ని గంటల్లోనే కుళ్ళటం మొదలుపెడుతుంది, వెంట్రుకలు పట్టు వదిలి కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతాయి. అంటే ఫోటో అయిన కాసేపటికే ఎవరో ఒకరు కత్తి పట్టుకుని ఆ పులి పక్కన కూర్చోవాలి. ఆ మనిషి కూర్చోకపోతే దివాణాల గోడల మీద పులితోళ్ళు లేవు, మైసూరులో 1900 ప్రాంతం నుంచి 1999 దాకా చచ్చిన పులులకు మళ్ళీ రూపం పోసి అమ్ముకున్న వాన్ ఇంగెన్ కంపెనీ లేదు. ఆ మనిషి మాత్రం ఏ ఫోటోలోనూ లేడు, అతని కత్తీ లేదు.

వేట సాహిత్యం అంతా తుపాకీ సాహిత్యమే. కత్తి గురించి రాసినప్పుడు కూడా దొరల నడుముకు వేలాడే కత్తి గురించే రాశారు. చంపిన జంతువును అడవిలోనే చీరి, పేగులు తీసి, తోలు ఒలవటానికి ఏ కత్తి మంచిది అని ఇవాళ కూడా సరదా వేటగాళ్ళ పుస్తకాల్లో పేజీలకు పేజీలు చర్చ నడుస్తుంది. చర్చ చెడ్డదేమీ కాదు. అందులో నిజమైన జ్ఞానం ఉంది. మేము అడుగుతున్నదల్లా ఒకటే. తెలుగు నేల మీద అన్నిటికంటే ఎక్కువ జంతువులను చీరిన కత్తి వేటగాడిది కాదు, మాదిగవాడది. వేట ఎప్పుడో ఒకనాటి ముచ్చట. గొడ్డు చావటం ఊళ్ళో నిత్యం జరిగేది. వందల ఏండ్లు ఆ పని ఒక కులం నెత్తిన పెట్టి, ఆ కులాన్ని ఊరి బయట పెట్టి, ఆ చేతికి ఏం తెలుసో రాసుకోవలసిన అవసరం మన పండితులకు రాలేదు. కాబట్టి ఏ కత్తి మంచి కత్తి అనే ప్రశ్నను మాదిగవాడ దగ్గర నిలబడి అడిగితే ఏమొస్తుందో చూద్దాం.

ముందు పని సంగతి తెలియాలి. పని తెలియకుండా పనిముట్టు అర్థం కాదు.

గొడ్డును వెల్లకిలా తిప్పి, పొర్లిపోకుండా రెండు పక్కలా రాళ్ళో మొద్దులో ఒత్తు పెడతారు. మొదటి కోత గడ్డం కింద మొదలై గొంతు, రొమ్ము, పొట్ట మధ్యగీత మీదుగా తోక మొదటి దాకా ఒకటే గీతగా రావాలి. తర్వాత నాలుగు కాళ్ళకూ లోపలివైపు నుంచి కోతలు పెట్టి ఆ మధ్యగీతలో కలపాలి. ఈ గీతలు వంకరపోతే తోలు పరిచినప్పుడు ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు అవుతుంది. మోట బొక్కెన కుట్టేవాడికి అటువంటి తోలు పనికిరాదు. ఇక్కడ కత్తి మొన సన్నగా ఉండాలి. మొనను తోలు కిందికి పోనిచ్చి, వాదరను ఆకాశం వైపు తిప్పి, లోపలినుంచి బయటికి చీరాలి. వాదర కిందికి పెట్టి చీరేవాడు పనికి కొత్తవాడు. వాడి కత్తికి పొట్ట తెగుతుంది, పేడనీళ్ళు మాంసం మీద పడతాయి, తెగిన వెంట్రుకలన్నీ మాంసానికి అంటుకుంటాయి. జింకను కొట్టిన వేటగాడికైనా, చచ్చిన ఎద్దు దగ్గర కూర్చున్న మాదిగకైనా ఈ సూత్రం ఒకటే.

ఇంక అసలు ఒలవటం. ఇక్కడ సన్నమొన శత్రువు అవుతుంది. తోలుకు, మాంసానికి మధ్య తెల్లటి పల్చని పొర ఉంటుంది. కత్తి ఆ పొరలోనే నడవాలి. మొన ఉన్న తిన్నని కత్తితో ఈ పని చేస్తే ప్రతి ఊపుకూ మొన తోలులోకి దిగే ప్రమాదం ఉంది. కాబట్టి ఒలిచే కత్తికి వాదర వంపు తిరిగి ఉండాలి, మొన గుండ్రంగా ఉండాలి. వంపు ఉన్న కత్తి ఎక్కడ తగిలినా చిన్న జాగాలోనే తగులుతుంది. పొడుచుకుపోదు, జారుతుంది. ఎడమచేత్తో తోలును బిగలాగి పట్టి, వాదరను మాంసం వైపు వాల్చి, పొడుగాటి ఊపులతో తియ్యాలి. తప్పు పడితే మాంసానికి పడాలి గాని తోలుకు పడకూడదు. పక్కల దగ్గరికి వచ్చేసరికి అసలు కత్తే అవసరం లేదు. పిడికిలి బిగించి తోలుకు మాంసానికి మధ్య తోస్తూ పోతే తోలు దానంతట అదే ఊడి వస్తుంది. గొడ్డు ఒంట్లో వేడి ఉండగా కూర్చుంటే ఇది తేలిక. చల్లబడి బిగుసుకున్నాక కూర్చుంటే ప్రతి జానెడుకూ కత్తి వెయ్యాలి. కత్తి ఎంత తక్కువ వేస్తే పనితనం అంత ఎక్కువ. మంచి కత్తి గురించిన మొదటి పాఠం కత్తిని ఎక్కడ పక్కన పెట్టాలో తెలియటమే కావటం వింతగా అనిపించవచ్చు.

పొడుగు సంగతి. సినిమాల్లో చూపించే జానెడున్నర కత్తులు ఈ పనికి దండగ. జింక వంటి జంతువుకు మూడు నాలుగు అంగుళాల వాదర చాలు. ఎద్దుకు, బర్రెకు ఐదారు అంగుళాలు కావాలి. అంతకు మించితే మొన ఎక్కడుందో చేతికి తెలియదు. పొట్టలో చెయ్యి పెట్టి గుండెకాయ దగ్గరి ముడి కోసేటప్పుడు కంటికి ఏమీ కనిపించదు, వేలే కన్ను. వేలికి అందని కత్తి అక్కడ వేలినే కోస్తుంది. పిడి సంగతీ అంతే. నెత్తురు, కొవ్వు అంటిన చేతిలో నునుపైన పిడి నిలవదు. అందుకే పిడికి తోలుపట్టీయో, గుడ్డపీలికో చుడతారు. ఇనుము పిడి చివరిదాకా పోయి ఉండాలి. సగం దాకా పోయిన ఇనుము కీలు దగ్గర తిప్పినప్పుడు ఊడివస్తుంది.

ఇనుము ఎటువంటిది అన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. గట్టి ఉక్కు చాలాసేపు పదును నిలుపుకుంటుంది గాని పోయిన పదును మళ్ళీ తొందరగా రాదు, ఎముకకు తగిలితే వాదర పెళ్ళలు రాలుతుంది. మెత్తని ఇనుము నాలుగు ఊపులకే మొద్దుబారుతుంది గాని రాయి మీద నాలుగుసార్లు నూరితే మళ్ళీ తెగుతుంది. బీట్లో, చెరువుగట్టు దగ్గర, సానపట్టేవాడు లేనిచోట పనిచేసే మనిషికి మధ్యరకం కావాలి. నూరితే వెంటనే పదును పట్టాలి, ఒక తోలు అయ్యేదాకా నిలవాలి. తుప్పు పట్టని స్టీలు కత్తి చూపుకు బాగుంటుంది, పచ్చి ఇనుము కత్తిని వాడిన ప్రతిసారీ తుడిచి కొవ్వు రాసి పెట్టుకోవాలి. అయినా పాతచేతులు పచ్చి ఇనుమునే ఇష్టపడతాయి, రాయి మీద మాట వింటుంది కాబట్టి. బండిచక్రం పట్టా ముక్కలు, తర్వాతి కాలంలో లారీ కమాను పట్టాలు కొలిమిలో కాల్చి సాగదీయించుకున్నవే మన ఊళ్ళ కత్తులు.

కొలిమి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పకుండా పోలేం. తెలంగాణ ఉక్కు గురించి మన చరిత్రకారులు గర్వంగా రాస్తారు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారని వాయ్సీ అనే ఇంగ్లీషు వైద్యుడు 1820ల్లో చూసి రాశాడు, 1832లో అది అచ్చయింది. డమాస్కస్ కత్తుల కీర్తి వెనక మన ఉక్కు ఉందని క్లాసులో పాఠం చెబుతారు. బాగుంది. ఆ కొలిమి మండటానికి గాలి కావాలి గదా? గాలికి తిత్తి కావాలి. తిత్తి తోలుది. ఆ తోలు ఒలిచి, లందలో నానబెట్టి, పదును చేసి, కుట్టింది ఎవరు? రాజుల కత్తులకు ఉక్కునిచ్చిన కొలిమికి ఊపిరి పోసిన కులం కొలిమి గడపకు ఎంత దూరంలో నిలబడవలసి వచ్చిందో ఊళ్ళు తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. తిత్తి లేనిదే కత్తి లేదు, కత్తి లేనిదే తిత్తి లేదు. ఉత్పత్తి కులాల మధ్య ఉన్న ఈ లంకెను తెంపి, ఒకరిని పంచములుగా నిలబెట్టటంలోనే బ్రాహ్మణీయ వ్యవస్థ తెలివితేటలున్నాయి.

కత్తి పని అయిపోయాక తోలు లందకు పోతుంది. సున్నపు గుంటలో వెంట్రుక ఊడగొట్టి, తోలును సంచిలాగా కుట్టి, లోపల తంగేడు పట్ట, నీళ్ళు పోసి వేలాడదీస్తారు. ఊరిన నీరు తోలు గుండా చెమ్మగా దిగుతూ తోలును పండిస్తుంది. సంచికి గాటు పడి ఉంటే నీరు కారిపోతుంది. ఒలిచేనాటి చెయ్యి ఎంత మంచిదో లంద దగ్గర బయటపడేది ఇట్లాగే. (తంగేడు పువ్వు 2014 తర్వాత తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో పువ్వుకు జరిగే గౌరవం లందలోని పట్టకు ఎన్నడూ జరగలేదు.)

ఇప్పుడు అసలు వివాదంలోకి వద్దాం.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మద్రాసు నుంచి తంగేడు పట్టతో పదును చేసిన తోళ్ళు లండన్ మార్కెట్టుకు పెద్దఎత్తున పోవటం మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి బ్రిటిష్ సైనికుల బూట్ల పైతోలుకు ఈ తోళ్ళే దిక్కయినాయి. 1916 తర్వాత యుద్ధ శాఖ మద్రాసు తోళ్ళ వ్యాపారం మొత్తాన్ని తన అదుపులోకి తీసుకుంది. ఊళ్ళో మోట బొక్కెనకు, పలుపుకు, చెప్పుకు పోయే తోలుకు ఇప్పుడు ప్రపంచం ధర కడుతుంది. ధర కట్టేవాడు గాటు లెక్కబెడతాడు. చేతికి తెలియకుండా తోలు లోపలివైపు పడిన చిన్న గాటు లంద నుంచి బయటికి వచ్చాక పెద్ద లోపంగా కనబడుతుంది, తోలు రకం తగ్గుతుంది. దాంతో వలస ప్రభుత్వం నివేదికలు మొదలైనాయి. 1904లో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసు రాజధాని తోలు పని మీద ఒక గ్రంథం తెచ్చాడు. 1930లో తోళ్ళ మీద సుంకం గురించి విచారణ సంఘం నివేదిక వచ్చింది. ఇటువంటి కాగితాలన్నిటి నుంచి తేలి, తర్వాత తరాల అధికారులకు కంఠతా వచ్చిన మాట ఒకటుంది. ఊళ్ళలో తోలు ఒలిచేవాడికి ఒలవటం రాదు, వాడి కత్తి సరైనది కాదు, వాడికి నేర్పాలి. స్వాతంత్ర్యం తర్వాత కూడా ఇదే పాట. 1955లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోలు ఒలవటం, నిలవచెయ్యటం గురించి ఏకంగా ఒక పుస్తకమే అచ్చువేసింది.

ఆ పుస్తకాల్లో చెప్పే సలహా తప్పు కాదు. చీరటానికి మొన ఉన్న కత్తి ఒకటి, ఒలవటానికి వంపు కత్తి ఒకటి, రెండు వేరువేరుగా ఉండాలంటారు. పైన మేము చెప్పిందీ అదే గదా. మా అభ్యంతరం సలహా మీద కాదు, నింద మీద. రెండు కత్తులు కావాలని ఆ చేతికి తెలియక కాదు, రెండు కత్తులు లేక ఒకటే కత్తితో చేసింది. అదే కత్తితో చీరాలి, అదే కత్తితో ఒలవాలి, అదే కత్తితో మాంసం కొయ్యాలి, ఇంటికి వచ్చాక అదే కత్తి వంటింట్లో కూర్చుంటుంది. కమ్మరికి ఊరి కాపులు నాగలి కర్రుకు, కొడవలికి కళ్ళంలో గింజలు కొలుస్తారు. భూమి లేని మాదిగ ఏం కొలిచి రెండో కత్తి కొట్టించుకోవాలి? కర్రు ఊరిది కాబట్టి ఊరు చూసుకుంటుంది. తోలు కత్తి మాదిగవాడది, అది వాడి ఖర్మ. కాని ఆ కత్తి ఒలిచిన తోలు మాత్రం ఊరిదే.

ఈ లెక్కను కొంచెం విడదీసి చూడాలి. కళేబరం మాదిగవాడకు 'హక్కు' అని పేరు. ఫలానా ఆసాములకు ఫలానా మాదిగ ఇల్లు అని వంతులుండేవి. ఆ హక్కుకు బదులుగా ఆసామికి మోట బొక్కెన, పలుపులు, చెర్నాకోల, ఇంటిల్లిపాదికీ చెప్పులు ఇవ్వాలి. తెలంగాణలో దొరల కింద అయితే బదులు అనే మాట కూడా లేదు, అది వెట్టి. సుందరయ్య 1972లో తెచ్చిన తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో వెట్టి రకాల వరసలో చెప్పులు, సేద్యానికి కావలసిన తోలు సామాను ఊరికే ఇవ్వటం కూడా ఉంది. ఇంక మిగిలిన తోలును వ్యాపారికి అమ్మితే వ్యాపారి తూకానికో, తోలుకింత అనో కొంటాడు. గాటు లేని తోలుకు వేరే ధర ఆ చేతికి రాదు, మద్రాసులో రకాలు విడదీసిన చేతికి వస్తుంది. తూకానికి కొన్నప్పుడయితే తోలుకు కాస్త మాంసం ఉంచటమే లాభం. గాటు పడకుండా ఒలిచినందుకు ఒక్క పైసా ఎక్కువ రానిచోట రెండో కత్తి ఎవరు కొంటారు? అధికారి దీన్ని అజ్ఞానం అన్నాడు. ఇది అజ్ఞానం కాదు, లెక్క తెలిసిన మనిషి చేసే పనే.

ఇంకా ఉంది. తోలు చెడటానికి కత్తి ఒక్కటే కారణం కాదు, ఉప్పు కూడా. ఒలిచిన తోలును వెంటనే ఉప్పు పట్టించకపోతే ఎండాకాలంలో ఒక్క పూటలో చెడుతుంది. ఆ ఉప్పు మీద సర్కారు పన్ను వేసింది. 1888 నుంచి 1903 దాకా మణుగుకు రెండున్నర రూపాయల పన్ను. ఉప్పు కొనలేనివాడు తోలును ఎండలో నేల మీద పరిచి ఎండబెట్టాడు, తోలు పెళుసెక్కి పగిలింది. ఒక చేత్తో ఉప్పు మీద పన్ను వసూలు చేస్తూ ఇంకో చేత్తో 'ముడితోలు నాణ్యత లేదు' అని నివేదిక రాసిన సర్కారది. ఉప్పు సత్యాగ్రహం చరిత్రను మనం వంద పుస్తకాల్లో చదివాం. లంద దగ్గర ఉప్పు లేని కథను ఇంకా చదవవలసి ఉంది.

చేతకానితనం నింద ఒకటయితే నేరం నింద రెండోది. 1850ల నుంచి ఉత్తరాది జిల్లాల్లో చమార్లు తోళ్ళ కోసం గొడ్లకు పాషాణం పెట్టి చంపుతున్నారని పోలీసులు ఒక సిద్ధాంతం తయారుచేశారు. గొడ్డు చస్తే తోలు ఎవరికి పోతుందో వాడే చంపాడన్న తర్కం. అవే దశాబ్దాల్లో గొడ్లను ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టింది ముసర రోగం. 1871లో పశువుల తెగుళ్ళ మీద వేసిన కమిషను నివేదిక కూడా వచ్చింది. అయినా విషం సిద్ధాంతం పోలీసుల బుర్రల్లోనుంచి పోలేదు. రామ్‌నారాయణ్ రావత్ 2011లో అచ్చయిన తన పుస్తకంలో ఈ కేసులను తిరగదోడి, ఒక కులం మొత్తాన్ని నేరస్తుల కులంగా, తోలు కులంగా ఎట్లా ముద్ర వేశారో చూపించాడు. ఆ ముసర రోగం మన దేశంలో లేకుండా పోయిందని 2006లో ప్రకటించారు, ప్రపంచంలోనే లేదని 2011లో ప్రకటించారు. పాషాణం ముద్రను రద్దు చేసిన ప్రకటన మాత్రం ఏదీ లేదు.

రోగాల మాట వచ్చింది కాబట్టి కత్తి పట్టినవాడి ఒంటి సంగతి కూడా చెప్పాలి. దొమ్మరోగంతో చచ్చిన గొడ్డును కొయ్యకూడదు. ఒళ్ళు తొందరగా ఉబ్బుతుంది, ముక్కు నుంచి, వెనకనుంచి నల్లటి నెత్తురు కారుతుంది, గడ్డకట్టదు. కోసి గాలి తగలనిస్తే రోగక్రిమి గట్టి గింజలాగా మారి ఆ మట్టిలో ఏండ్ల తరబడి బతుకుతుంది. తోలు ఒలిచినవాడి చేతికి చిన్న గీత ఉన్నా చాలు, అక్కడ నొప్పి లేని నల్లటి పుండు లేస్తుంది. కంటితో చూసి 'ఇది కొయ్యదగింది, ఇది పూడ్చవలసింది' అని తేల్చవలసిన మొదటి మనిషి పశువుల డాక్టరు కాదు, కత్తి పట్టినవాడే. మంచి కత్తికి కొలతలు చెప్పేవాళ్ళు ఎవరూ ఈ కొలత చెప్పరు. చేతికి గాటు పడకుండా ఉండటం వేటగాడికి జాగ్రత్త, మాదిగకు ప్రాణం. ఇంత ప్రమాదమైన పనికి తరతరాలుగా చేతితొడుగు లేదు, సబ్బు లేదు, కూలి లేదు.

ఇక్కడ మన ఉద్యమంలోనే ఉన్న ఒక పాత వాదాన్ని పట్టించుకోక తప్పదు. ఈ కత్తిని పొగడటం ఎందుకు, కింద పారెయ్యమని గదా పెద్దలు చెప్పింది అని అడిగే మిత్రులున్నారు. నిజమే. 1927 మార్చిలో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమని మహర్లకు పిలుపిచ్చాడు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్రమండలి, 1911లో మన్య సంఘం పెట్టి తాగుడు, మాంసం మానాలని వాడవాడా తిరిగాడు. ఇంకోవైపు గాంధీ శిబిరం వార్ధా దగ్గర నల్వాడిలో 1935లో తోలు కార్ఖానా పెట్టి, చంపిన గొడ్డు తోలు కాదు, చచ్చిన గొడ్డు తోలు 'అహింస' తోలు అని ప్రచారం చేసింది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. మొదటిది కత్తి పట్టినవాడు తన చెయ్యి తనదని చెప్పటం. రెండోది ఆవు పవిత్రతను కాపాడుకోవటానికి మన కత్తిని వాడుకోవటం. ఆవును తల్లి అనేవాడికి తల్లి చచ్చాక కళేబరం తియ్యటానికి మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే ఆ పవిత్రత మూడోరోజుకు వాసన వేస్తుంది.

మా ఉద్దేశంలో పనిని వదలటం వేరు, పనిలోని జ్ఞానాన్ని సిగ్గుపడి పాతిపెట్టటం వేరు. అంబేద్కర్ వదలమన్నది బలవంతాన్ని, హీనతను. కత్తి వంపు ఎందుకుండాలో తెలిసిన తెలివిని కాదు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన శ్రమ గౌరవం పుస్తకంలో తోలు పనిని సైన్సుగా చెప్పింది ఇందుకే. 1948లో మద్రాసులో పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థలో తెల్లకోటు వేసుకుని చేస్తే సైన్సు, వాడలో గోచీ పెట్టుకుని చేస్తే కులవృత్తి ఎట్లా అయిందో విద్యార్థులు అడగాలి.

మాంసం పంపకం కూడా ఈ జ్ఞానంలో భాగమే. తోలు అయ్యాక మాంసాన్ని పోగులు పెడతారు. కండ, ఎముక, కొవ్వు, లోపలి సామాను ప్రతి పోగులోనూ సమానంగా పడాలి. ఎక్కువ తక్కువలు వస్తే వాడంతా చూస్తుంది. ఎవరికీ అనుమానం రాకుండా పోగు పెట్టగలిగినవాడే మంచి కోతగాడని పేరు. మిగిలింది తునకలు చేసి దండేనికి ఎండబెడతారు. అంబేద్కర్ 1948లో 'అంటరానివాళ్ళు' పుస్తకంలో గొడ్డుమాంసాన్నే అంటరానితనానికి మూలాల్లో ఒకటిగా పట్టి చూపించాడు. ఊరి కంటికి పాపంగా కనబడిన ఆ పోగుల దగ్గరే ఊరిలో ఎక్కడా లేని సమాన పంపకం జరిగింది.

తర్వాత కథ వేగంగా నడిచింది. కరెంటు మోటార్లు వచ్చి మోటబావులు పోయినాయి, బొక్కెనతో పాటే లంద పోయింది. ప్లాస్టిక్ చెప్పు వచ్చి మాదిగ చెప్పును తోసేసింది. పెద్ద కార్ఖానాలకు తోలు కబేళాల నుంచి పోతుంది. ఒలిచే కత్తి చాలా వాడల్లో అటక ఎక్కింది. రంపె, ఆరె మాత్రం బస్టాండు మూలల్లో, గొడుగు నీడన మిగిలినాయి.

అదే సమయంలో చట్టం కూడా కత్తిని చూసే చూపు మార్చుకుంది. 1959 ఆయుధాల చట్టం కింద 1962లో వచ్చిన నియమాల్లో తొమ్మిది అంగుళాల కంటే పొడుగు, లేక రెండు అంగుళాల కంటే వెడల్పు ఉన్న వాదర కత్తులు ఆయుధాలయినాయి. ఇంటిపనికి, సేద్యానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు ఇచ్చారు. ఒలిచే కత్తి ఆ కొలతకు లోపలే ఉంటుంది, పైగా పనిముట్టు. 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమయింది. పులులను ఆ గతికి తెచ్చిన దివాణాల గోడల మీద తోళ్ళు అట్లాగే వేలాడుతూనే ఉన్నాయి, నల్లమలలో చెంచు చేతిలో కత్తి కనబడితే మాత్రం అనుమానం మొదలయింది.

ఇంక గొడ్డు దగ్గర కత్తి కనబడితే ఏమవుతుందో ఈ శతాబ్దంలో చూశాం. 2002 అక్టోబరు 15న హర్యానా ఝజ్జర్ జిల్లా దులీనాలో ఆవును చంపారనే పుకారుతో ఐదుగురు దళితులను పోలీసు చౌకీ దగ్గరే కొట్టి చంపారు. 2016 జూలై 11న గుజరాత్ ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న యువకులను పట్టుకుని, బండికి కట్టి, ఇనప కడ్డీలతో కొట్టి వీడియో తీశారు. నెల తిరగకముందే, ఆగస్టులో, మన తూర్పుగోదావరి జిల్లా అమలాపురంలో ఇద్దరు మాదిగ అన్నదమ్ములను చెట్టుకు కట్టి కొట్టారు. ఆ ఆవు కరెంటు తగిలి చచ్చింది. తోలు తియ్యమని వాళ్ళను పిలిచింది ఆవు యజమానే.

ఊనా తర్వాత గుజరాత్ దళితులు చచ్చిన గొడ్లను తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరేటు ముందు పడేశారు, మీ తల్లిని మీరే తీసుకోండన్నారు. కత్తి ముట్టకపోవటం ఎంత పెద్ద ఆయుధమో ఆ వాసనకు ముక్కు మూసుకున్న ఆఫీసర్లకు అర్థమయింది.

ఈ చరిత్రలో పెద్ద భాగం ఇంకా కాగితం ఎక్కలేదు. చదువుతున్న మిత్రులకు, ముఖ్యంగా పల్లెల్లో పనిచేసే టీచర్లకు, విద్యార్థులకు ఒక పని చెబుతున్నాం. మీ వాడలో అటక మీది కత్తిని దింపించండి. వాదర ఎన్ని అంగుళాలు, వంపు ఎంత, పిడి ఏ చెట్టు కర్ర, ఇనుము ఎక్కడిది, ఏ కమ్మరి కొట్టాడు, బదులుగా ఏం ఇచ్చారు, మీ ఊరి మాటలో దాని పేరేమిటి రాసుకోండి. ఒలిచేటప్పుడు మొదటి కోత ఎక్కడ పెట్టేవాళ్ళో తాతనో పెదనాయిననో అడగండి. ఏ గొడ్డును ముట్టకుండా పూడ్చేవాళ్ళో అడగండి. కొందరు చెప్పటానికి సిగ్గుపడతారు, పిల్లల ముందు ఆ మాట ఎత్తవద్దంటారు. తొందర పెట్టకుండా కూర్చోండి. చాలాసార్లు మాట కంటే ముందు చెయ్యి కదులుతుంది, లేని తోలును ఎడమచేత్తో బిగలాగి పట్టుకుని, కుడిచేతి మణికట్టు తిప్పి చూపిస్తారు. ఆ తిప్పటాన్ని కూడా బొమ్మ గీసి పంపండి.